చాప కొనడానికి ఏడాది పట్టింది!

డిసెంబరు నెల, రాత్రి రెండున్నర. గండికోటలో టెంటులో పడుకుని పైన గుడ్డ కేసి చూస్తున్నా. పక్కన ఫ్రెండ్ గురక పెడుతున్నాడు. నాకేమో ఎడమవైపు తిరిగితే భుజం నొప్పి, కుడివైపు తిరిగితే తుంటి నొప్పి. వెల్లకిలా పడుకుంటే నడుం కింద ఐసు గడ్డ పెట్టినట్టు చలి. పైన రెండు దుప్పట్లు ఉన్నాయి. కింద ఇంట్లోంచి చుట్టుకొచ్చిన ప్లాస్టిక్ చాప ఉంది. అయినా వణుకు ఆగట్లేదు.

తెల్లారాక పెన్నా లోయ మీద సూర్యోదయం చూడ్డానికి అందరూ అంచుకి పరిగెత్తారు. నేను బైకు సీటు మీద కూర్చుని కునికాను. మా ఊరి దగ్గర పెన్న అహోబిలంలో నరసింహస్వామి కాళ్ల కింద నుంచి పారే పెన్నే ఇక్కడికొచ్చి ఇంత లోయ కోసింది కదా, చూడాలి అనుకుంటూనే నిద్రపోయా. ఫోన్లో ఆ రోజు ఫొటో ఒక్కటి కూడా లేదు.

అసలు సిగ్గేసింది ఎందుకంటే, మాది అనంతపురం జిల్లా బెళుగుప్ప. నేల మీద పడుకోవడం మాకేం కొత్త కాదు. ఎండాకాలం మిద్దె మీద, జాతరప్పుడు గుడి ముందర, శెనక్కాయ పీకినప్పుడు కల్లంలో, ఎక్కడ పడితే అక్కడ పడుకుని పెరిగినోణ్ని. బెంగళూరులో ఐదేళ్లు మెత్తటి పరుపు మీద పడుకునేసరికి ఒళ్లు అంతా మర్చిపోయినట్టుంది.

వెనక్కొచ్చాక ఒక్కటే నిర్ణయం. బైకు ట్రిప్పులకి మంచి చాప ఒకటి కొనాలి. చిన్న పనే అనుకున్నా. ఏడాది పట్టింది.

చలి కింద నుంచి వస్తుంది

మొదట అర్థమైన విషయం ఇదే. మనం పైన ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా, ఒంటి కింద పడ్డ దుప్పటి మన బరువుకి నలిగిపోతుంది. అందులో గాలి మిగలదు. గాలి లేకపోతే దుప్పటికి వెచ్చదనం ఉండదు. ఇక ఒంట్లో వేడంతా నేరుగా నేలలోకి దిగిపోతుంది. మామూలు ప్లాస్టిక్ చాప మట్టి అంటకుండా చూస్తుందంతే, వేడిని ఆపలేదు.

ఈ వేడిని ఆపే శక్తిని ఆర్ వాల్యూ అనే అంకెతో చెప్తారు. అంకె పెరిగే కొద్దీ చాప నేల చలిని బాగా ఆపుతుందన్నమాట. ఒకప్పుడు కంపెనీలు ఎవరికి తోచిన లెక్క వాళ్లు వేసుకునేవాళ్లు. అమెరికాలోని ప్రమాణాల సంస్థ ఏఎస్‌టీఎం 2018లో దీనికి ఎఫ్3340 పేరుతో ఒక పరీక్ష తెచ్చింది. అందుకే ఇప్పుడు పెద్ద కంపెనీల చాపల్ని పక్కపక్కన పెట్టి పోల్చుకోవచ్చు. మంచులో పడుకునేవాళ్లకి ఐదు దాటాలి. మన అనంతపురం, కడప చలికాలానికి రెండు ఉంటే బాగానే సరిపోతుంది. ఇంకో మంచి సంగతి, రెండు చాపలు ఒకదాని మీద ఒకటి వేస్తే ఆ అంకెలు కలుస్తాయి. ఇది గుర్తుపెట్టుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఇది చలికి మాత్రమే కాదు. మార్చి, ఏప్రిల్‌లో మా వైపు బండల మీద పడుకుని చూడండి. పగలంతా తాగిన ఎండని అర్ధరాత్రి దాకా కక్కుతూనే ఉంటాయి. చలిని ఆపే చాపే ఆ వేడిని కూడా ఆపుతుంది.

బజారులో దొరికేవి మూడు రకాలు. ఒకటి ఫోమ్ చాప. లోపల మూసుకుపోయిన చిన్న చిన్న గాలి బుడగలుంటాయి, నీళ్లు పీల్చదు, పంక్చరు అనేదే ఉండదు. బరువు అర కిలో లోపే. కానీ సన్నగా ఉంటుంది, చుడితే పెద్ద మూట అవుతుంది. రెండోది గాలి పరుపు. ఊదితే అయిదారు సెంటీమీటర్లు లేస్తుంది, మడిస్తే వాటర్ బాటిలంత. మూడోది రెండింటికీ మధ్యరకం. లోపల ఫోమ్ ఉంటుంది, మూత తిప్పితే దానంతట అదే గాలి పీల్చుకుని లేస్తుంది. 1970ల మొదట్లో అమెరికాలోని సియాటెల్‌లో, బోయింగ్‌లో పనిచేసి బయటికొచ్చిన ఇంజినీర్లు కనిపెట్టిన ఐడియా ఇది. వాళ్ల థర్మారెస్ట్ బ్రాండ్ ఇప్పటికీ ఉంది. హాయిగానే ఉంటుంది గానీ బరువెక్కువ, ధరా ఎక్కువే.

నేను రివ్యూలు చూసీ చూసీ గాలి పరుపు ఆర్డర్ పెట్టా. మూడు వేలు.

పల్లేరుకాయ దెబ్బ

మొదటి ట్రిప్పు దర్గా హొన్నూరు. బొమ్మనహాళ్ మండలంలో, కర్ణాటక సరిహద్దుకి దగ్గర్లో ఉంటుంది. వేదవతి నది ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలుగా పేరుకుపోయిన చోటు అది. రీల్స్‌లో చూసి రాజస్థాన్ అనుకుంటారు జనం. అక్కడి రైతుకి మాత్రం అది సరదా కాదు, చేను మీద పడ్డ ఇసుక. ఊళ్లో ఒకాయన్ని అడిగి ఆయన చేను గట్టున టెంటు వేసుకున్నాం. ఇసుక నేల, దాని మీద గాలి పరుపు. మేఘాల మీద పడుకున్నట్టే ఉంది. ఒక్కటే తికమక పడ్డా. సాయంత్రం బిగుతుగా ఊదిన పరుపు రాత్రి పన్నెండుకి మెత్తబడింది. లీకేమో అని కంగారుపడ్డా. కాదు. రాత్రి చల్లబడే కొద్దీ లోపలి గాలి కుంచించుకుపోతుంది. పడుకునే ముందు ఇంకో రెండు ఊదులు ఊదితే చాలు.

ఆ ధీమాతోనే జులైలో మా చేన్లోకి తీసుకెళ్లా. ఆషాఢం గాలి. బెళుగుప్ప చుట్టూ గాలిమరలు ఊరికే పెట్టలేదని ఆ నెలలో వస్తే తెలుస్తుంది. టెంటు విప్పేలోపే పరుపు చేతిలోంచి జారి గాలిపటంలా లేచింది. జీడిపల్లి రిజర్వాయరు వైపు పోతా ఉంటే వెనకాల నేను. పక్క చేను గట్టు మీద గొర్రెలు మేపుకుంటున్న పెద్దాయన చేతికర్రతో ఆపకపోయుంటే ఏమయ్యేదో. ఆయన భుజం మీద నల్ల కంబళి ఉంది. ఎండకి, వానకి, పడకకి అన్నిటికీ ఆయనకి అదొక్కటే. నా పరుపుని వేలితో నొక్కి చూసి, "ఇందులో ఉండేదంతా గాలేనా?" అన్నాడు. అవునన్నా. "గాలి కావాలంటే ఈడ తక్కువా అప్పా" అని నవ్వి వెళ్లిపోయాడు.

పరుపు చేన్లో పొర్లింది కదా, అప్పుడే పడింది దెబ్బ. తెల్లవారుజామున మూడింటికి నా వీపు నేలకి తగిలింది. పల్లేరుకాయ. చిన్నప్పుడు చెప్పులు లేకుండా తొక్కి ఏడ్చినవాళ్లకి దాని సంగతి తెలుసు. ఇంగ్లీషువాళ్లు ఈ మొక్కకి పెట్టిన పేరే పంక్చరు తీగ. అది కాకపోతే కంపచెట్టు ముల్లు. మా నేలలో ఈ రెండూ లేని జానెడు చోటు వెతకడం కష్టం.

పొద్దున్నే ఊళ్లో పంక్చరు షాపుకి తీసుకెళ్లా. ఆ అన్న దాన్ని అటూ ఇటూ తిప్పి, "ఏ బండి ట్యూబు ఇది?" అన్నాడు. నీళ్ల టబ్బులో పట్టలేదు. పశువుల తొట్టిలో ముంచితే మూడు చోట్ల బుడగలొచ్చాయి. సొల్యూషన్ రాసి ప్యాచీ వేశాడు. రాత్రికి ఊడిపోయింది. తప్పు ఆయనది కాదు. ఆ జిగురు రబ్బరు ట్యూబుల కోసం. ఈ పరుపుల పూత ప్లాస్టిక్ రకం, దానికి వేరే ప్యాచీ, వేరే జిగురు కావాలి. అవి డబ్బాలోనే వస్తాయి. నా డబ్బా బెంగళూరు రూములో ఉంది.

నాయన అడిగిన ప్రశ్న

ఆ రోజు వరండాలో పరుపు పరిచి ప్యాచీలు చూసుకుంటుంటే నాయన వచ్చాడు.

"ఏమప్పా అది?"

"చాప నాయనా. బైకు మీద పోయినప్పుడు పండుకునేకి."

"ఎంత?"

"మూడు వేలు."

"నేల మీద పండుకునేకి మూడు వేలా!" అని లోపలికి వెళ్లిపోయాడు. అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు.

నాకూ కోపమొచ్చింది. నా జీతం, నా ఖర్చు, డబ్బుల గురించి ఎందుకింత అనుకున్నా. ఇంకొక పక్క తప్పు చేసినట్టూ ఉంది. కరువు ఏళ్లలో మా నాయన బెంగళూరు వచ్చి బిల్డింగు పనుల్లో చేశాడు. కట్టే బిల్డింగులోనే సిమెంటు సంచులు పరుచుకుని పడుకున్నాడు. ఇప్పుడు అదే ఊళ్లో ఏసీ ఆఫీసులో ఉద్యోగం చేస్తూ, నేల మీద పడుకోవడానికి నేను డబ్బులిస్తున్నా. ఆయనకి నవ్వు రాకపోతే ఆశ్చర్యమే. జూన్‌లో తొలకరి పడగానే మా పక్కన వజ్రకరూరు చేలల్లో వజ్రాలు వెతకడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. రాత్రిళ్లు దొరికిన చోట ఒక పట్ట పరుచుకుని పడుకుంటారు. వాళ్లెవరూ దాన్ని క్యాంపింగ్ అనరు.

రెండు రోజులయ్యాక అసలు సంగతి అమ్మ చెప్పింది.

"మీ నాయనకి డబ్బుల గురించి కాదురా. నువ్వు చేన్లో నేల మీద పండుకుంటివని. మీ చిన్నాయన అట్లనే కదా పాయె."

చిన్నాయన పాము కరిచి పోయాడని తెలుసు. ఎలాగో తెలీదు. అప్పుడు నాకు రెండేళ్లు. చేనుకి కరెంటు రాత్రిపూటే వచ్చే రోజులవి. ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి మోటరు దగ్గరే పడుకోవాలి. అన్నదమ్ములు వంతులేసుకునేవాళ్లు. ఆ రాత్రి నిజానికి నాయన వంతు. ఒంట్లో బాలేదని చిన్నాయన వెళ్లాడు. మోటరు పక్కన గోనెసంచి పరుచుకుని పడుకున్నాడు. తెల్లవారుజామున ఇంటికొచ్చి కడుపు నొప్పి అన్నాడు. రాత్రి తిన్నది పడలేదేమో అని అందరూ అనుకున్నారు. కాసేపటికి కళ్లు మూతలు పడుతున్నాయన్నాడు. నిద్ర చాలలేదేమో అనుకున్నారు. మాట తడబడ్డాక గానీ ఎవరికీ అనుమానం రాలేదు. పెద్దాసుపత్రికి దారిలోనే ఊపిరి ఆగిపోయింది.

కట్లపాము. తర్వాత చదివి తెలుసుకున్నా. పగలు దాదాపు కనబడదు, రాత్రి తిరుగుతుంది. నేల మీద పడుకున్నవాళ్ల పక్కలోకి వస్తుంది. కాటుకి నొప్పి ఉండదు, వాపు ఉండదు, గుర్తు కూడా సరిగ్గా కనబడదు. చాలామంది నిద్ర కూడా లేవరు. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాము కాటుతో దాదాపు 12 లక్షల మంది చనిపోయారని ఒక పెద్ద అధ్యయనం లెక్క కట్టింది. ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువ మంది పల్లెలవాళ్లే. ఆ లెక్కలో మా చిన్నాయన ఉన్నాడు.

ఆర్ వాల్యూలు, బరువులు, ధరలు ఇన్ని చూశా కదా. నేల మీదకి ఏమొస్తుంది అనే ప్రశ్న నాకు ఒక్కసారి కూడా రాలేదు. నాయనకి వచ్చిన మొదటి ప్రశ్న అదే. కాకపోతే ఆయన దాన్ని మూడు వేలు అనే మాటలో దాచి అడిగాడు.

చివరికి ఏం కొన్నానంటే

ఆ తర్వాత నా లిస్టు మారిపోయింది. చాప కన్నా ముందు టెంటు. కింద గుడ్డ, గోడలు కలిపి కుట్టిన టెంటు మాత్రమే, జిప్పు చివరి పన్ను దాకా మూసుకోవాలి. నేపాల్ దక్షిణ ప్రాంతంలో 2007లో వచ్చిన ఒక పరిశోధనలో, దోమతెర అంచులు పక్క కింద దోపుకుని పడుకున్నవాళ్లకి పాము కాటు బాగా తక్కువని తేలింది. టెంటు చేసే పని కూడా అదే. టెంటు తేలేకపోతే దోమతెర తేండి, లేదా మంచం దొరికే చోట పడుకోండి. చెత్తకుప్పలు, రాళ్ల గుట్టలు, పుట్టలు, గడ్డివాముల పక్కన వద్దు. తిండి మిగిల్తే ఎలుకలొస్తాయి, ఎలుకల వెనకాల పాములొస్తాయి. బూట్లు లోపల పెట్టుకోండి, పొద్దున్నే దులిపి వేసుకోండి, తేళ్లుంటాయి. రాత్రి బయటికెళ్తే టార్చి లేకుండా కాలు పెట్టొద్దు. కాటు అనుమానం వస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టు కట్టడం ఏవీ చెయ్యకూడదు. కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి వెళ్లడమే. పొద్దున లేచేసరికి కారణం లేని కడుపు నొప్పి, కళ్లు మూతలు పడటం ఉంటే అది కూడా అనుమానమే.

ఇక చాప. మా నేలకి ఫోమ్ చాపే సరైనదని తేలిపోయింది. మడతలు మడతలుగా మూసుకునే రకం కొన్నా. వెయ్యిలోపే. పల్లేరుకాయ గుచ్చుకుంటే పీకి పారేసి పడుకోవడమే. వెడల్పు 50 సెంటీమీటర్లది కాకుండా 60ది తీసుకున్నా. ఆ పది సెంటీమీటర్లలోనే మోచేతులుంటాయి. పొడవు నా ఎత్తు కన్నా కొంచెం ఎక్కువ.

కానీ ఫోమ్ సన్నగా ఉంటుంది. నాలాగా పక్కకి తిరిగి పడుకునేవాళ్లకి తుంటి, భుజం నేలని వెతుక్కుంటాయి. దీనికి మందు షాపులో దొరకలేదు, అటక మీద దొరికింది. మా అవ్వ కుట్టిన బొంత. పాత చీరలు ఏడెనిమిది పొరలు పేర్చి కుట్టింది. ఫోమ్ మీద దాన్ని నాలుగు మడతలేసి తుంటి, భుజం తగిలే చోట వేస్తే చాలు. ఇందాక చెప్పాను కదా, రెండు పొరల అంకెలు కలుస్తాయని. అవ్వ బొంతకి ఆర్ వాల్యూ ఎంతో ఎవరూ కొలవలేదు గానీ, డిసెంబరులో నాకు చలి వెయ్యలేదు. బరువు కిలోన్నర. బైకుకి అదొక లెక్కా.

బైకు మీద కట్టేటప్పుడు మాత్రం జాగ్రత్త. చాప మూట సీటు వెనకాల అడ్డంగా పెట్టండి, హ్యాండిల్ కన్నా బయటికి రాకూడదు. సైలెన్సరు వైపు వేలాడితే ఫోమ్ కరుగుతుంది. తాడు కొసలు వేలాడితే ఇంకా ప్రమాదం, వెనక చక్రంలో పడితే బండి ఆగిపోతుంది, మనం ఆగం. కొన్న రోజే ట్రిప్పుకి పరిగెత్తకుండా, ఇంట్లో ఫ్యాను కింద బండల మీద ఒక రాత్రి మొత్తం పడుకుని చూడండి. పది నిమిషాలు బాగున్న చాప నాలుగు గంటలకి బాగుండకపోవచ్చు.

మొన్న డిసెంబరులో ఊరెళ్లినప్పుడు చేన్లో టెంటు వేశా. నాయనకి చెప్పే వేశా. ఈసారి ఆయన ఏమీ అనలేదు. రాత్రి తొమ్మిదింటికి గట్టు మీద టార్చి వెలుగు కనబడింది. వచ్చి టెంటు చుట్టూ ఒక చుట్టు తిరిగాడు. కింద గుడ్డకి, గోడకి మధ్య కుట్టు ఉన్న చోటల్లా వేలితో తడిమాడు. చెప్పులు విడిచి లోపలికొచ్చి కూర్చున్నాడు. చాపని నొక్కాడు, బొంతని గుర్తుపట్టాడు. దాని మీద ఉన్న పచ్చ చీర ముక్క కాసేపు చూశాడు.

"ఇది మీ చిన్నాయన పెండ్లికి మా అమ్మ కట్టుకున్న చీర" అన్నాడు.

నేనేం మాట్లాడలేదు. నాయన మెల్లగా నడుం వాల్చాడు. దూరంగా గాలిమర రెక్కల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఎంతసేపయిందో, పడుకున్నాడేమో అనుకున్నా.

"బాగానే ఉంది" అన్నాడు. తర్వాత లేచి కూర్చుని, "జిప్పు యాడుందో చూపీ. నేను బయటికి పోయినాక నువ్వు మూసేది నేను చూడల్ల" అన్నాడు.

మూశా. చివరి పన్ను దాకా.